బల్లి పలుకు, పాము పగ

మొన్న రాత్రి భోజనాల వేళ మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మా అమ్మాయిని హైదరాబాదు కాలేజీలో చేర్చడమా, ఊళ్ళోనే చదివించడమా అన్నది విషయం. "హైదరాబాదైతేనే పిల్ల వృద్ధిలోకి వస్తుంది" అని మా ఆవిడ అన్నదో లేదో, ట్యూబులైటు వెనకనుంచి బల్లి "చక్ చక్ చక్" మన్నది. మా అమ్మ వేలితో బల్లమీద మూడుసార్లు తట్టి, "సత్యం! బల్లి పలికింది" అన్నది. అంతటితో తీర్పు అయిపోయింది. హాస్టలు ఫీజులు, బస్సు ఛార్జీలు, విడిగా ఉండడంలోని కష్టనష్టాలు అంటూ నేను కూడబెట్టుకొన్న వాదాలన్నీ పెరుగన్నంలో కలిసిపోయినవి.

మరునాడు స్టాఫురూములో మా జువాలజీ మిత్రుడితో ఈ సంగతి చెప్పుకొని వాపోయాను. ఆయన నవ్వి, "మాస్టారూ, ఆ బల్లి మీ అమ్మాయి చదువు గురించి పలకలేదు. దాని ఆస్తి గురించి పలికింది" అన్నాడు.

ఆస్తి అంటే మరేమీ కాదు, మా ట్యూబులైటే. దీపం చుట్టూ పురుగులు చేరుతవి. పురుగులు చేరే చోటు బల్లికి మాగాణి. ఆ మాగాణిని పట్టుకొన్న మగబల్లి మరొక మగబల్లి రాకుండా, "ఇది నాది, హద్దు దాటవద్దు" అని దండోరా వేస్తుంది. కలియబడి గెలిచిన తరువాతా పలుకుతుంది. ఆడబల్లి సమీపంలో ఉన్నా పలుకుతుంది. అంటే మన పంచాంగాల వెనక పేజీల్లో గౌళిశాస్త్రంగా ఎక్కిన ఆ పలుకు, బల్లిభాషలో సగం సరిహద్దు తగాదా, సగం పెళ్ళిచూపులు.

నేను తెలుగు చెప్పుకొనేవాణ్ణి. భాష అంటే మనుష్యులకూ, కాస్త తక్కువగా చిలకలకూ ఉంటుందని నా నమ్మకం. పాకే ప్రాణులు మూగవనీ, ఒంటరివనీ, చల్లని నెత్తురువి గనుక వాటికి బంధుత్వాలేమీ ఉండవనీ అనుకొనేవాణ్ణి. ఆ నమ్మకం ఒకసారి నాచేత ఒక పాపంలో పాలు పంచుకొనేటట్లు చేసింది. అది చెప్పుకోవడానికే ఈ వారం కలం పట్టాను.

క్రిందటేడు వానాకాలం. మా పక్కింటివారి పెరట్లో నీళ్ళ మోటారు దగ్గర పాము కనబడింది. నిలువెత్తు మనిషికన్న పొడుగున్నది. "తాచు! తాచు!" అని కేకలు. కుర్రాళ్ళు కర్రలు తెచ్చారు. అది గోడమూలకు ఒదిగి, మెడ ఉబ్బించి, బుస్సుమన్నది. నేను ప్రహరీగోడకు ఇవతల నిలబడి చూస్తున్నాను. పడగ ఎత్తలేదే, ఇది జెర్రిపోతు కాదు గదా అని నాకు తోచింది. కాని నలుగురిలో తప్పు చెప్పి నవ్వులపాలౌతానేమోనని ఊరుకొన్నాను. ఎం. ఏ. చదివి, ఇరవైయేళ్ళుగా పాఠాలు చెబుతున్న నోరు ఆ రెండు నిమిషాలూ పెగలలేదు. ఈలోగా పని అయిపోయింది. దాన్ని కర్రతో ఈడ్చుకొంటూ పక్కసందులోనుంచి వీధి గేటుదాకా తీసుకువెళ్ళి, పాలు పోసి, దహనం చేశారు.

మా అబ్బాయి తన ఫోనులో తీసిన బొమ్మ చూసి జువాలజీ మిత్రుడు తల పట్టుకొన్నాడు. "ఇది జెర్రిపోతండీ! విషం లేదు సరికదా, ఊళ్ళో ఎలుకలను తిని మేలు చేసేది" అన్నాడు. ఆ మాట పక్కింటి బామ్మగారి చెవిన వేశాను. ఆవిడ ఊరట పడుతుందనుకొన్నాను. ఆవిడ మరింత బెదిరిపోయింది. "అయ్యో నాయనా! జెర్రిపోతు తాచుకు మొగుడు గదా! ఇంక అది ఊరుకొంటుందా? పాముపగ పన్నెండేళ్ళు!" అన్నది. ఆ రాత్రినుంచి ఆ ఇంట్లో పిల్లలు పెరట్లో కాలు పెట్టలేదు.

నాలుగోనాడు సాయంత్రం నిజంగానే మరొక పాము వచ్చింది. అదీ వీధి గేటు దగ్గర మొదలుపెట్టి, పక్కసందులోనుంచి, చచ్చినదాన్ని ఈడ్చుకువెళ్ళిన దారినే వెనక్కు, మోటారు వైపు పాకుతూ వచ్చింది.

తరువాత ఏమైందో చివర చెబుతాను. అది ఆ దారినే ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు పాము భాష కొంచెం తెలియాలి.

మనవాళ్ళు పాముకు పెట్టిన పేర్లే ఒక పాఠం. చక్షుశ్శ్రవము అన్నారు, కళ్ళతో వినేది అని. ద్విజిహ్వము అన్నారు, రెండు నాలుకలది అని. వాడుకలో మాత్రం, గుసగుసలు కూడా పసిగట్టేవాణ్ణి "వాడివి పాము చెవులు" అంటాం. పాముకు బయటి చెవి లేదు, కర్ణభేరీ లేదు. లోపలి చెవి మాత్రం ఉన్నది. క్రింది దవడ నేలకు ఆనించి ఉంటుంది గనుక, మన అడుగుల అదురు ఆ ఎముకల గుండా లోపలి చెవికి చేరుతుంది. గాలిలో వచ్చే బొంగురు ధ్వనులకు దాని పుర్రె అదురుతుందని 2012 లో కొండచిలువ జాతిపాముల మీద పరీక్షించి చూపారు. కనుక పాము బొత్తిగా చెవిటిది కాదు. అయితే పాములవాడి నాగస్వరానికి తల ఊపడం సంగీతజ్ఞానం వల్ల కాదు. ఆడే బుర్రనూ, కదిలే చేతినీ కనిపెడుతూ తానూ కదులుతుంది. మన సినిమాలు దానికి అనవసరంగా రాగాలు అంటగట్టినవి.

రెండు నాలుకల సంగతి ఇంకా విచిత్రం. లోకంలో రెండు నాలుకలవాడంటే ఇక్కడిది అక్కడా, అక్కడిది ఇక్కడా చెప్పేవాడు. పాము చేసేదీ ఇంచుమించు అదే. అది నాలుకను బయటకు చాచి, గాలిలోనూ నేలమీదా ఉన్న వాసన రేణువులను అద్దుకొని, అంగిట్లో ఉన్న రెండు చిన్న గుంటలకు అందిస్తుంది. జాకబ్సన్ అనే ఆయన 1813 లో వర్ణించాడు గనుక దానికి జాకబ్సన్ అవయవమని పేరు. నాలుక చీలి ఉండడం వల్ల కుడి కొసకు తగిలిన వాసన ఎక్కువా, ఎడమ కొసకు తగిలినది ఎక్కువా అన్న తేడా తెలుస్తుంది. దాన్నిబట్టి దారి తెలుస్తుంది. జతకట్టే కాలంలో ఆడపాము తన ఒంటి వాసనను వెళ్ళినంత దూరమూ నేలమీద వదలుతూ పోతుంది. మగపాము ఆ వాసనను అక్షరం అక్షరం చదువుకొంటూ వెంటబడుతుంది. మనకది వట్టి మట్టి. దానికది ఉత్తరం.

అప్పుడప్పుడు పొలాల్లో రెండు పాములు పెనవేసుకొని, నిలువునా లేచి, పడి, మళ్ళీ లేచి ఆడుతూ ఉంటవి. జనం మూగి పాముల సయ్యాట అంటారు. కొందరు కొత్తబట్ట కప్పి దండం పెడతారు. తాచూ, జెర్రిపోతూ దంపతులన్న మాటా ఇక్కడే పుడుతుంది. నిజానికి ఆ ఆడే రెండూ సాధారణంగా జెర్రిపోతులే, రెండూ మగవే. అది ప్రణయం కాదు, మల్లయుద్ధం. ఎదుటివాడి తల నేలకు ఆనించడమే గెలుపు. కాట్లు లేవు, చావులు లేవు. ఓడినది తప్పుకొంటుంది. జెర్రిపోతుల్లో ఆడవీ ఉన్నవి, తాచుల్లో మగవీ ఉన్నవి. లేకపోతే ఆ జాతులు ఇన్నాళ్ళు ఎట్లా సాగుతవి?

కుస్తీకి దిగకుండా మాటలతోనే తేల్చుకొనేవీ ఉన్నవి. కంచెమీద తొండ తల ఆడిస్తుంటే మన పిల్లలు అది తమనే వెక్కిరిస్తున్నదని రాయి తీసుకొంటారు. పాపం, అది వీళ్ళను లెక్కలోకే తీసుకోలేదు. మెడ ఎర్రబరచుకొని, తల పైకీ కిందికీ ఊపే మగతొండ అవతలి కంచెమీది మగతొండకు సవాలు విసురుతున్నది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత. ఆ ఊసరవెల్లి రంగు మార్చేది దాక్కోవడానికే అనుకొంటాం. 2015 లో జెనీవా విశ్వవిద్యాలయంవారు ఒక జాతి ఊసరవెల్లి చర్మాన్ని పరీక్షించారు. అందులో అతి సూక్ష్మమైన స్ఫటికాలు వరసలుగా ఉన్నవి. అది నెమ్మదిగా ఉన్నప్పుడు స్ఫటికాలు దగ్గరగా ఉండి ఆకుపచ్చగా కనబడుతుంది. మరొక మగది ఎదురైతే అవి ఎడంగా జరిగి, పసుపూ, ఎరుపూ పొడచూపుతవి. అంటే ఆ జీవి రంగు మార్చడంలో తన మనసు దాచుకోవడంకన్న బయటపెట్టుకోవడమే ఎక్కువ. రంగులు మార్చి మనసు దాచే విద్య మన పెద్దమనుషులదే; ఊసరవెల్లికి ఆ అపకీర్తి అన్యాయం.

పగలూ, తగాదాలూ ఎవరికైనా ఉంటవి. సంసారం మాటేమిటి అంటారా? గజేంద్రుడి కాలు పట్టిన జాతినే తీసుకోండి. మొసలి కన్నీరు అంటే దొంగ ఏడుపు అని మనకు స్థిరపడిపోయింది. మొసలి ఇసుకగట్టున గుంట తవ్వి గుడ్లు పెడుతుంది. పిల్లలు గుడ్డులోనుంచే కుయ్ కుయ్ మంటవి. ఆ కేక వినగానే తోడి గుడ్లలో కదలిక పుట్టి, అన్నీ ఒక్కసారి బయటపడడానికి సిద్ధమౌతవి. తల్లి వచ్చి ఇసుక తవ్వుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు నైలునది మొసళ్ళమీద ఈ పరీక్ష చేసి 2008 లో ప్రకటించారు. గూటి దగ్గర పిల్లల కేకల రికార్డు వేసినా తల్లులు వచ్చి తవ్వినవి. ఎముకలు నమిలే ఆ దవడల మధ్య పిల్లలను పొదివి పట్టి నీళ్ళలో వదలుతుంది తల్లి. పగలని గుడ్డును నాలుకకూ అంగిటికీ మధ్య దొర్లించి, మెల్లగా చిదిపి పిల్లను బయటికి తెస్తుంది. మహాబలిపురం దారిలో 1976 లో మద్రాసు మొసళ్ళ కేంద్రం వెలసింది. అక్కడ మన మంజీరలో ఉండే జాతి మొసళ్ళనే కనిపెట్టి చూస్తే, తండ్రి మొసలి కూడా పిల్లలను నోట కరచుకొని నీళ్ళకు చేర్చడం కనబడింది. ఇది 1986 లో ప్రకటించారు. రాత్రి పిల్లవాడు ఏడిస్తే నిద్ర నటించిన తండ్రులు (నేనూ ఒకణ్ణి) ఇది చదివి తలవంచుకోవలసిందే.

కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్ట చుట్టుకొని, వణికి వణికి తన ఒంట్లో వేడి పుట్టించి వాటిని పొదుగుతుంది. చలినెత్తురు ప్రాణి అని మనం కొట్టిపారేసిన దానికి బిడ్డలకోసం నెత్తురు కాచుకోవడం తెలుసు. న్యూయార్కులో ఒక భారతీయ కొండచిలువను పరీక్షించి 1966 లో ఈ సంగతి నిర్ధారణ చేశారు. మన తూర్పు కనుమల అడవుల్లో తిరిగే గిరినాగు ఒంటి చుట్లతో ఎండుటాకులు పోగుచేసి గూడు కట్టుతుంది. పాముల్లో ఇట్లా గూడు కట్టేది అదొక్కటే. గూటిని కాచుకొని ఉంటుంది కూడా.

తాబేలు మాట చెప్పాలి. తాబేలు పిల్లలను పాలిచ్చీ పెంచదు, పొదిగీ పెంచదు, తలంపుతోనే పెంచుతుందని పెద్దలు చెప్పేవారు. గురువు శిష్యుణ్ణి తలచి ఉద్ధరించడానికి దాన్నే పోలిక తెచ్చేవారు. అది మూగదని మాత్రం అందరి నమ్మకమూ. బ్రెజిల్లో అమెజాను పరీవాహకంలో ఒక పెద్ద నదితాబేలు ఉన్నది. దాని పిల్లలు గూటిలోనుంచే సన్నగా పలుకుతవనీ, తల్లులు నదిలో కాచుకొని ఉండి బదులు పలుకుతవనీ, పిల్లలు నీళ్ళలో దిగాక అందరూ కలిసి ప్రయాణం కడతారనీ 2013 లో వెల్లడైంది. 2022 లో జూరిక్ విశ్వవిద్యాలయం పరిశోధకుడొకాయన మూగవని పేరుపడిన 53 జాతుల దగ్గర మైకులు పెట్టి విన్నాడు. వాటిలో 50 తాబేళ్ళే. ఒక్కటీ మూగది కాదు. అవి పలుకుతూనే ఉన్నవి. మనం చెవి ఒగ్గలేదు, అంతే. తలంపుతో పెంచుతుందన్న మన పెద్దలు సగం దూరం వెళ్ళి ఆగారన్నమాట.

ఆస్ట్రేలియాలో మైకేల్ బుల్ అనే ప్రొఫెసరు 1982 మొదలు 2016 లో చనిపోయేవరకూ ఒక పొట్టికాళ్ళ బల్లి జాతిని కనిపెట్టి ఉన్నాడు. బద్ధకంగా కనబడుతుందని దాన్ని అక్కడివాళ్ళు నిద్రమత్తు బల్లి అంటారు. ఆ బల్లులు ఏడాదిలో ఎక్కువకాలం ఎవరి దారిన అవి తిరుగుతవి. వసంతం రాగానే మగది వెతుక్కుంటూ వెళ్ళి పోయినేటి తన జతనే కలుసుకొంటుంది. ఇట్లా ఇరవైయేళ్ళకు పైగా కలిసిన జంటలు ఉన్నవి. ఒకటి చచ్చిపడి ఉంటే రెండోది దాని పక్కనే ఉండిపోవడం కూడా ఆయన చూశాడు. అది దుఃఖమని నేను అనను. అది ఏమీ కాదని కూడా ఇప్పుడు అనలేను.

పాముల్లో స్నేహాలున్నవా అంటే, ఉన్నవనే చెబుతున్నారు. కెనడాలో 40 గార్టరు పాము పిల్లలను ఒకచోట పెట్టి, రోజూ వాటి చోట్లు తారుమారు చేసి చూశారు. ఎంత కలగాపులగం చేసినా, చాలావరకు అవి తమ పాత తోడును వెతుక్కొని చేరినవి. ఇది 2020 నాటి మాట. గిలకపాము బెదిరినప్పుడు పక్కన మరొక గిలకపాము ఉంటే దాని గుండెదడ తక్కువగా ఉంటుందని 2023 లో అమెరికాలో కొలిచి చూపారు. చీకట్లో భయం వేస్తే పక్కన ఎవరైనా ఉంటే బాగుండునని మనకూ అనిపించదూ?

ఇప్పుడు మా పక్కింటి పెరటికి రండి. నాలుగోనాటి పాము గేటునుంచి మోటారుదాకా పాకి వచ్చింది గదా. మళ్ళీ కర్రలు లేచినవి. ఈసారి నేను గోడ దాటి వెళ్ళి, "ఆగండి!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జువాలజీ మిత్రుడు పరుగున వచ్చాడు. దూరంనుంచే చూసి, "ఇదీ జెర్రిపోతే" అన్నాడు. పాములు పట్టే కుర్రవాడికి ఫోను చేశాడు. అతను అరగంటలో వచ్చి, దాన్ని సంచిలో వేసుకొని, ఊరిబయట వదలడానికి తీసుకుపోయాడు.

"పగబట్టి వచ్చింది, చూశావా!" అన్నది బామ్మగారు.

"పగ కాదు బామ్మగారూ" అన్నాడు మిత్రుడు. "మీవాళ్ళు చంపినది ఆడది అయిఉంటుంది. దాన్ని ఈడ్చిన దారినిండా దాని వాసన ఉంటుంది. ఇది బహుశా మగది. ఆ వాసన పట్టుకొని జతకోసం వచ్చి ఉంటుంది. చంపినవారెవరో పాము గుర్తుపెట్టుకోలేదు. దానికి పేర్లూ తెలియవు, పన్నెండేళ్ళ లెక్కా తెలియదు."

బామ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "అయితే అది వెతుక్కుంటూ వచ్చిందా, నాయనా?" అన్నది. ఆ ప్రశ్నకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేకపోయింది. మనం పగ అని చదువుకొన్నది, పెళ్ళికొడుకు చేతిలోని శుభలేఖ కావచ్చును.

పగ మాటకు వస్తే, ఆదిపర్వం తలచుకోండి. తక్షకుడు పరీక్షిత్తును కరిచింది శృంగి శాపం వల్ల. దానికి సర్పజాతినంతటినీ అగ్నిలో వేల్చబోయినవాడు మనిషి, జనమేజయుడు. అడ్డుపడి ఆపింది ఆస్తీకుడు, నోటిమాటతో. ఇన్నేళ్ళు ఆ కథ పాఠం చెప్పి, మా పెరటిగోడ దగ్గర ఆస్తీకుడి పక్షాన నిలబడలేకపోయాను.

ఇదంతా జాలికబురు మాత్రమే కాదు. పాముమాట అర్థం కాక పోయే ప్రాణాలు మనవి కూడా. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది పోయినట్లు 2020 లో ప్రకటించిన పరిశోధన లెక్కకట్టింది. ఎక్కువమంది పోయిన రాష్ట్రాలలో ఆంధ్ర, తెలంగాణాలు ఉన్నవి. వానాకాలమే గండకాలం. తాచు పడగ విప్పుతుంది. రక్తపింజర ప్రెషరుకుక్కరులా బుసకొడుతుంది. చిన్న పింజర ఒంటి పొలుసులు రాపిడి చేసి ఆకురాయి చప్పుడు చేస్తుంది. మూడూ చెప్పేది ఒకటే మాట: "నేనిక్కడ ఉన్నాను, దూరంగా పో." అది బెదిరింపు కాదు, బతిమాలడం. విని వెనకడుగు వేస్తే చాలావరకు కథ అక్కడితో సరి. కట్లపాము ఒక్కటే చెప్పకుండా రాత్రివేళ కరుస్తుంది. అందుకనే నేలమీద పడుకోరాదు, పడుకొన్నా దోమతెర అంచులు పక్కకిందికి మడిచి పడుకోవాలి. చీకట్లో టార్చిలైటు లేకుండా పెరట్లోకి పోరాదు. కరిస్తే మంత్రాలకూ, కోయడానికీ, కట్లు బిగించడానికీ పోకుండా, కాలూ చెయ్యీ కదపనీయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఈ వ్యాసం రాసి నిన్న రాత్రి ఇంట్లో చదివి వినిపించాను. ముగించగానే ట్యూబులైటు వెనకనుంచి "చక్ చక్ చక్" మన్నది. అమ్మ బల్లమీద వేలితో తట్టి, "సత్యం!" అన్నది.

"అమ్మా, ఇంతసేపూ నేను చదివిందేమిటి? అది దాని హద్దులు చెప్పుకొంటున్నది" అన్నాను.

"నాకు తెలియదట్రా! దాని మాట అది అన్నది, నా మాట నేనన్నాను" అన్నది అమ్మ. తరువాత పైకి చూసి, మా ఆవిడతో, "రేపు బూజు దులిపేటప్పుడు చీపురు ఆ మూలకు తగలనీయకే, అమ్మాయ్. అది దాని ఇల్లట" అన్నది.